వేసవి సెలవుల్లో ఊరి సంస్థతో పని: బయల్దేరే ముందు నుంచి తిరిగొచ్చే దాకా

పరీక్షలు అయిపోయాక ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ మధ్య దాకా చాలామంది విద్యార్థులకు ఖాళీ దొరుకుతుంది. ఆ సమయంలో రైతులతోనో, చేనేత వాళ్లతోనో, పాడి మహిళలతోనో కలిసి వ్యాపారం చేస్తున్న సంస్థలో పనిచేయాలని మీకుంటే, ఎక్కడ మొదలుపెట్టి ఎలా ముగించాలో వరసగా చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదివేవాళ్లకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఎలాగూ ఉంది. సర్వే కాగితాలు నింపి, రికార్డు రాసి, సంతకం పెట్టించుకున్నా అది అయిపోతుంది. అవే రోజుల్ని ఊరికీ మీకూ పనికొచ్చేలా కూడా గడపొచ్చు.

రెండు నెలల్లో ఊరు మారదు. మార్చాల్సిన బాధ్యత కూడా మీ మీద ఎవరూ పెట్టలేదు. కానీ ప్రతి చిన్న సంస్థలోనూ తీరిక లేక ఆగిపోయిన పని ఒకటైనా ఉంటుంది. దాన్ని పట్టుకుని, పూర్తి చేసి, అక్కడివాళ్లు రోజూ వాడుకోగలిగేలా వాళ్ల చేతికిచ్చి రావడం మాత్రం మీవల్ల అవుతుంది. కింద చెప్పేవన్నీ దానికోసమే.

1. సంస్థను ఎంచుకోవడం (జనవరి, ఫిబ్రవరి)

ఇలాంటి సంస్థను సోషల్ ఎంటర్‌ప్రైజ్ అంటారు. విరాళాలతో మాత్రమే నడిచే స్వచ్ఛంద సంస్థ కాదిది. ఏదో ఒక సరుకో సేవో అమ్మి, ఆ డబ్బుతో నడుస్తూ, లాభాన్ని ఊరి మనుషులకు చేర్చేది. తెలంగాణలోని భీమదేవరపల్లి మండలం ముల్కనూరులో మహిళలే సభ్యులుగా, మహిళలే పాలకవర్గంగా నడుపుకుంటున్న పాల డెయిరీ ఉంది, స్వకృషి పేరుతో పాలు అమ్ముతారు. రాయలసీమలోని చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ ప్రోత్సాహంతో ఏర్పడిన ధరణి సహకార సంఘం సభ్యులు పండించిన చిరుధాన్యాలు, వేరుశనగ కొని, శుద్ధి చేసి అమ్ముతుంది. అరకులో నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ ఆదివాసీ రైతులతో కలిసి కాఫీని పారిస్ దాకా తీసుకెళ్లింది. తెలంగాణలో చిన్న రైతుల కోసం తక్కువ ఖర్చు గ్రీన్‌హౌస్‌లు చేస్తున్న ఖేతీ 2022లో పర్యావరణానికి మేలు చేసే ఆవిష్కరణలకిచ్చే ఎర్త్‌షాట్ బహుమతి అందుకుంది. ఇవి పేరు వినబడేవి. మీ జిల్లాలోనే పేరు వినబడని రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, అంటే ఎఫ్‌పీఓలు, ఉన్నాయి. నా సలహా అడిగితే, పేరున్న చోటికంటే మనుషులు తక్కువై పని ఎక్కువైన చిన్న సంఘానికే వెళ్లమంటాను. అక్కడ మీ రెండు చేతులకు విలువ ఎక్కువ.

ఎంచుకునేటప్పుడు మూడు విషయాలు కనుక్కోండి. ఒకటి, అది చట్టం ప్రకారం ఏమిటి? 1995 చట్టం కింద నమోదైన మ్యాక్స్ సొసైటీనా (పరస్పర సహాయ సహకార సంఘం), రైతులే వాటాదారులుగా ఉండే ప్రొడ్యూసర్ కంపెనీనా, ట్రస్టా, ప్రైవేటు కంపెనీనా? దాన్ని బట్టి యజమాని ఎవరో తెలుస్తుంది. రైతులే వాటాదారులైన సంఘంలో నిర్ణయాలకు టైం పడుతుంది, దాన్ని బద్ధకం అనుకోకండి. రెండు, వచ్చే ఏడాది గ్రాంటు ఆగిపోతే సంస్థ నడుస్తుందా? ఈ ప్రశ్న మర్యాదగా అడిగితే మంచి సంస్థలు దాచకుండా చెబుతాయి. మూడు, పని చేయడానికి మీ దగ్గరే డబ్బు అడుగుతున్నారా? అడిగితే వద్దు. బస, భోజనాలకు మీ ఖర్చు మీరు పెట్టుకోవడం వేరు, ‘అనుభవం’ పేరుతో ఫీజు కట్టడం వేరు.

కాలం కూడా చూసుకోవాలి. కాఫీ పండు కోత చూడాలని మే నెలలో అరకు వెళితే కుదరదు, కోత నవంబరు నుంచి జనవరి దాకా సాగుతుంది. కానీ నర్సరీ పని, వచ్చే సీజనుకు రైతుల జాబితా పని ఎండాకాలంలోనే ఉంటాయి. అలాగే ఏజెన్సీ గ్రామాల్లో తునికాకు కోసే రోజుల్లో తెల్లవారుజామునే ఇళ్లకు తాళాలు పడతాయి. రాయలసీమలో ఖరీఫ్ విత్తనాల హడావుడి జూన్‌లో మొదలవుతుంది. మీరు వెళ్లే నెలలో ఆ ఊరు ఏం చేస్తుంటుందో ముందే అడిగితే, మీకు ఏ పని కుదురుతుందో సగం తెలిసిపోతుంది.

2. ఉత్తరం రాయడం

చిన్న సంస్థలు ఇంటర్న్‌షిప్ ప్రకటనలు ఇవ్వవు. మీరే రాయాలి. పెద్ద పెద్ద ఆశయాలు రాయకండి, మీకేం వచ్చో రాయండి. ఇలా ఉంటే చాలు:

“నమస్కారం. నేను బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. మే 1 నుంచి జూన్ 20 వరకు ఖాళీగా ఉంటాను. ట్యాలీ, ఎక్సెల్ వచ్చు. తెలుగు టైపింగ్ వచ్చు. బైక్ నడపగలను. మాది పల్లెటూరే, ఊళ్లో ఉండటం ఇబ్బంది కాదు. మీ సంఘంలో లెక్కలు, సభ్యుల రిజిస్టర్, గోదాం స్టాకు వంటి పనుల్లో ఏదైనా పెండింగ్‌లో ఉంటే నేను చేయగలను. ఒకసారి ఫోన్లో మాట్లాడొచ్చా?”

తెలుగు టైపింగ్ వచ్చనే మాట చిన్నదిగా అనిపించొచ్చు. మీటింగ్ తీర్మానాలు, రైతులకు ఇచ్చే రసీదులు, సరుకు మీద లేబుళ్లు అన్నీ తెలుగులో కావాలి. చేసేవాళ్లు తక్కువ. పది రోజుల్లో జవాబు రాకపోతే ఫోన్ చేయండి. ఊళ్లు తిరిగే మనుషులకు మెయిల్ చూసే తీరిక ఉండదు, అంతకుమించి వేరే అర్థం లేదు.

3. పనిని ఒక్క వాక్యంలో తేల్చుకోవడం

“సంస్థకు సహాయం చేస్తాను” అని బయల్దేరితే మొదటి నెల కుర్చీలు సర్దడంలో, రెండో నెల ఫొటోలు తీయడంలో గడిచిపోతుంది. వెళ్లే ముందే సీఈఓతోనో కోఆర్డినేటర్‌తోనో మాట్లాడి పనిని ఒక్క వాక్యంలో రాసుకోండి. ఉదాహరణకు:

“సభ్యుల షేరు ధనం రిజిస్టర్‌ను బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసి, తేడాలు తేల్చి ఇవ్వాలి.”

ఇది చప్పగా కనబడుతుంది కదా? కేంద్రం 2020లో మొదలుపెట్టిన పదివేల ఎఫ్‌పీఓల పథకంలో ఒక్కో రైతుకు 2,000 రూపాయల దాకా, సంఘం మొత్తానికి 15 లక్షల దాకా, రైతులు కట్టిన షేరు ధనానికి సమానంగా ఈక్విటీ గ్రాంటు ఇస్తారు. సభ్యుల జాబితా, ఎవరు ఎంత కట్టారనే లెక్క సరిగ్గా లేకపోతే దానికి దరఖాస్తు పెట్టడమే కష్టం. అంటే ఆ చప్పటి పని వెనక లక్షల రూపాయలున్నాయి.

ఇలాంటివే ఇంకొన్ని: మర దగ్గర ధాన్యం ఎంత పోశాం, బియ్యం ఎంత వచ్చింది అని తూచి రాసే పద్ధతి పెట్టడం, పాల కేంద్రంలో వెన్న శాతం ప్రకారం డబ్బు ఎలా లెక్క కడతారో మహిళలకు అర్థమయ్యేలా ఒక గోడ పట్టిక తయారు చేయడం, చీరల స్టాకు లెక్కించి రెండేళ్లుగా అమ్ముడుపోనివేవో విడదీయడం, దుకాణాల నుంచి రావాల్సిన బాకీల చిట్టా రాయడం.

యాప్ తయారు చేయడం, లోగో మార్చడం, ఇన్‌స్టాగ్రామ్ పేజీ తెరవడం లాంటి ఆలోచనలు మీకు మొదటి రోజే వస్తాయి. మీరు వెళ్లిపోయాక వాటిని నడిపేదెవరో పేరు చెప్పగలిగితేనే ముట్టుకోండి.

4. బస, తిండి, ఎండ

ఆఫీసు మండల కేంద్రంలో ఉన్నా, వీలైతే ఊళ్లోనే ఉండండి. సంఘం సభ్యుల ఇంట్లో ఉంటే భోజనానికి డబ్బు ఎంతో సంస్థ ద్వారా మొదటే మాట్లాడుకుని, వారంవారం ఇచ్చేయండి. “మా ఇంటి పిల్ల లాంటిదానివి, డబ్బులేంటి” అంటారు. అయినా ఇవ్వండి. ఆ ఇంట్లో సరుకులు కొనేది కూలి డబ్బులతో.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. 2015 మే నెల ఎండలకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఉదయం పదకొండు తర్వాత, సాయంత్రం నాలుగు లోపు పొలాల వెంట తిరిగే పని పెట్టుకోకండి. ఆ సమయం లెక్కల పనికి, టైపింగ్‌కు. తువ్వాలు, నీళ్ల సీసా, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు సంచిలో ఉండాలి. ఎవరైనా మజ్జిగో అంబలో ఇస్తే వద్దనకండి. రాత్రిపూట ఆరుబయటికి వెళ్లాలంటే టార్చ్ లేకుండా వద్దు. పాము కాటేస్తే మంత్రాల జోలికి పోకుండా 108కి ఫోన్ చేసి ప్రభుత్వాసుపత్రికి పోవాలి.

అమ్మాయిలు ఇద్దరు కలిసి వెళ్లగలిగితే ఇంట్లోవాళ్లకూ టెన్షన్ తగ్గుతుంది. పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట లైంగిక వేధింపులపై 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండి తీరాలి, అది ఇంటర్న్‌లకూ వర్తిస్తుంది. కమిటీలో ఎవరున్నారో మొదటి రోజే అడిగి నంబరు రాసుకోండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

5. మొదటి వారం: కాగితం తీయకండి

మొదటి వారం సర్వే ఫారాలు సంచిలోనే ఉండనివ్వండి. ఊరి రోజు ఎలా నడుస్తుందో చూడండి. వేసవిలో ఉపాధి పనికి వెళ్లేవాళ్లు తెల్లవారకముందే సద్ది కట్టుకుని వెళ్లి, ఎండ ముదిరేలోపు వస్తారు. వచ్చాక వంట, నీళ్లు, పశువులు. మధ్యాహ్నం కాస్త నడుం వాలుస్తారు. మీ మాటలకు దొరికే సమయం సాయంత్రం ఐదు నుంచి ఏడు, మళ్లీ అన్నాలయ్యాక అరుగుల మీద. ఉదయం పదింటికి మీటింగ్ పెట్టి “ఎవరూ రాలేదు, వీళ్లకు ఆసక్తి లేదు” అని రిపోర్టులో రాయడం చాలా అన్యాయం.

పిలుపు విషయంలో ఆ ఊరి వాడుక పట్టుకోండి. ఒకచోట పెద్దావిడను పెద్దమ్మా అంటారు, ఒకచోట అవ్వా అంటారు, తెలంగాణలో చాలాచోట్ల కాకా అనే పిలుపు చిన్నాన్న వయసు వాళ్లకు చెల్లుతుంది. మీకంటే రెండేళ్లు పెద్దయినా అక్కా, అన్నా అనండి, మీరు అనే మన్నన వదలకండి. అరకు, పాడేరు వైపు చాలామంది పెద్దలకు ఇంటి భాష కువి, ఆదివాసీ ఒడియా. తెలుగు వాళ్లకు సంత భాష. అక్కడ మీరు నెమ్మదిగా మాట్లాడాలి, తోడుగా ఆ భాష వచ్చిన కుర్రాణ్ణో అమ్మాయినో తీసుకెళ్లాలి.

ఇక కూర్చునే చోటు. ఇది చాలామంది పట్టించుకోరు, నేను మాత్రం దీన్ని అన్నిటికంటే ముందు పెడతాను. మీటింగ్ పెద్ద రైతు ఇంటి వసారాలో పెడితే కొన్ని వాడల వాళ్లు రారు, వచ్చినా వాకిట్లో నిలబడే ఉంటారు. గుడి దగ్గర పెట్టినా అంతే. బడి, అంగన్‌వాడీ, పంచాయతీ ఆఫీసు మేలు. వేసవిలో బడి ఖాళీగానే ఉంటుంది. ఎస్సీ కాలనీకి కూడా విడిగా వెళ్లి కూర్చోండి, అక్కడ ఇచ్చిన నీళ్లు తాగండి, టీ తాగండి. మీరు ఎవరింట్లో తాగారో, ఎవరింట్లో తాగలేదో సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది.

ఎవరు రాలేదో చూసుకోవడం కూడా నేర్చుకోండి. కౌలు రైతుల పేర్లు చాలాసార్లు జాబితాల్లో ఉండవు, పట్టా యజమాని పేరే ఉంటుంది. కలుపు తీసేది, విత్తనం దాచేది ఆడవాళ్లయినా సభ్యత్వం మగవాళ్ల పేరు మీద ఉంటుంది. “ఈ పొలం ఎవరిది?” అని కాకుండా “ఈ పొలం ఎవరు చేస్తున్నారు?” అని అడగండి. జవాబు మారిపోతుంది.

6. ప్రశ్నలు అడగడం

ఊళ్లోవాళ్లు కాగితం పట్టుకొచ్చిన మనిషిని చూసి జంకడానికి కారణాలున్నాయి. ఆదాయం చెబితే రేషన్ కార్డు పోతుందేమోనని భయం. అప్పులు చెబితే వసూలుకొచ్చిన మనిషేమోనని భయం. 2010లో మైక్రో ఫైనాన్స్ వసూళ్ల ఒత్తిడికి ఆత్మహత్యలు జరిగాయి, ఆ అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సే తేవాల్సి వచ్చింది. ఆ రోజులు చూసిన ఆడవాళ్లు ఇప్పటికీ సంఘాల్లో ఉన్నారు. కాబట్టి మొదటి మాట సూటిగా ఉండాలి: “నేను గవర్నమెంటు మనిషిని కాదు. దీనివల్ల మీకు పథకం రాదు, ఉన్న కార్డు పోదు. సంఘం కొనుగోళ్లు బాగుచేయడానికి అడుగుతున్నాను. ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పకండి.” ఏదో వస్తుందన్న ఆశ పెట్టి జవాబులు రాబట్టడం మోసం.

ప్రశ్నలు పదిహేనుకు మించొద్దు. ఫోన్‌లో రాసుకోవాలంటే కోబో, ఓడీకే లాంటి సర్వే యాప్‌లు నెట్ లేకున్నా పనిచేస్తాయి, సిగ్నల్ దొరికినప్పుడు పంపుకోవచ్చు. ఆధార్ నంబరు అడగకండి, కార్డు ఫొటో తీయకండి. ఫోన్ నంబర్ల జాబితాను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

కొలతల దగ్గర జాగ్రత్త. ఆంధ్రలో ఎకరాకు వంద సెంట్లు, తెలంగాణలో నలభై గుంటలు. బస్తా అంటే ఒక్కో పంటకు, ఒక్కో ప్రాంతానికి ఒక్కో బరువు. “ఎన్ని బస్తాలు?” అని అడిగితే వెంటనే “మీ బస్తా ఎన్ని కిలోలు పడుతుంది?” అని కూడా అడగాలి. లేకపోతే మీ దిగుబడి లెక్కంతా తప్పుతుంది.

దళారిని గురించి అడిగేటప్పుడు ముందే తీర్పు పెట్టుకోకండి. కాటా దగ్గర తరుగు పేరుతో బస్తాకు కిలోనో రెండు కిలోలో కోసేది అతనే, నిజమే. కానీ విత్తనాలకు అడ్వాన్సు ఇచ్చేదీ అతనే, రాత్రి పదకొండుకు ఆసుపత్రికి డబ్బు కావాలంటే తలుపు తీసేదీ అతనే. మీ సంస్థ కిలోకు రెండు రూపాయలు ఎక్కువ ఇస్తున్నా రైతు దళారికే ఎందుకు అమ్ముతున్నాడు? డబ్బు ఎన్ని రోజులకు చేతికొస్తోంది అని అడిగి చూడండి. సంఘం పదిహేను రోజులకు ఇస్తుంటే, దళారి అదే రోజు ఇస్తుంటే, రైతు లెక్క ప్రకారం రైతు చేసింది సరైనదే. ఇలాంటి ఒక్క విషయం తేల్చి ఆఫీసులో చెప్పగలిగినా మీ వేసవి వృథా కాలేదు.

చిన్న జాబితా ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఒక పాత సంగతి. 1976లో బంగ్లాదేశ్‌లోని జోబ్రా గ్రామంలో, చిట్టగాంగ్ విశ్వవిద్యాలయం ఆర్థికశాస్త్ర ఆచార్యుడు ముహమ్మద్ యూనస్ చెప్పగా, ఆయన విద్యార్థిని ఒకామె వ్యాపారుల అప్పుల్లో చిక్కుకున్నవాళ్ల పేర్లు రాసుకొచ్చింది. 42 మంది, అందరికీ కలిపి కావాల్సింది 856 టాకాలు, అప్పట్లో 27 డాలర్ల లోపు. ఆయన ఆ డబ్బు తన జేబులోంచి ఇచ్చాడు. పేదలకు చిన్న అప్పులిచ్చే బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకుకు అక్కడే బీజం పడింది. ఆమె తెచ్చింది పెద్ద పరిశోధన కాదు. ఎవరికి, ఎంత అన్నది స్పష్టంగా ఉన్న ఒక కాగితం.

7. ఒక్క సరుకు లెక్క కూర్చోబెట్టడం

ఏ సంస్థకు వెళ్లినా ఒక సరుకు తీసుకుని దాని ఖర్చు మొదటి నుంచి చివరి దాకా మీ చేత్తో రాయండి. మీ చదువు ఏదైనా సరే, ఈ మెట్టు వదలొద్దు. కొర్రలతో చూపిస్తాను. ధరలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే, మీ దగ్గరి అసలు ధరలు పెట్టుకోండి.

రైతు దగ్గర వంద కిలోల కొర్రలు కిలో 35 చొప్పున కొన్నారు: 3,500. ఆటో, హమాలీ: 200. మర ఆడించడానికి కిలోకు 5 చొప్పున: 500. పొట్టు పోయాక బియ్యం 60 కిలోలు వచ్చాయి. కవరు, లేబుల్, ప్యాకింగ్ కూలి కిలోకు 8 చొప్పున: 480. మొత్తం 4,680. దాన్ని అరవైతో భాగిస్తే కిలో కొర్రబియ్యం 78 రూపాయలు పడింది.

ప్యాకెట్ మీద ఎమ్మార్పీ 100 అని వేశారు. షాపువాడు పాతిక శాతం తీసుకుంటాడు. చేతికొచ్చేది 75. అంటే అమ్మిన ప్రతి కిలోకూ 3 రూపాయల నష్టం. అమ్మకాలు పెరిగేకొద్దీ నష్టం పెరుగుతుంది, చూసేవాళ్లకు మాత్రం వ్యాపారం బ్రహ్మాండంగా నడుస్తున్నట్టే ఉంటుంది.

ఇప్పుడు ఒకటి మార్చి చూడండి. మర సరిగ్గా సెట్ చేసి, ధాన్యం బాగా ఆరబెట్టి, రాళ్లు, మట్టిబెడ్డలు ముందే జల్లెడ పట్టి, అరవైకి బదులు 65 కిలోల బియ్యం రాబట్టారనుకోండి. ప్యాకింగ్ ఖర్చు 520 అవుతుంది, మొత్తం 4,720. అరవై ఐదుతో భాగిస్తే కిలో 72 రూపాయల 60 పైసలు. అదే షాపు, అదే ఎమ్మార్పీ, కిలోకు రెండు రూపాయల పైన మిగులు. రైతుకు ఒక్క పైసా తగ్గించలేదు, కొనేవాడి మీద ఒక్క పైసా పెంచలేదు.

అందుకే మర దగ్గర కాటా పెట్టి, పోసింది ఎంత, బియ్యం ఎంత, నూక ఎంత, ఊక ఎంత అని విడివిడిగా తూచి రాయడం కొత్త లోగో కంటే ఎన్నో రెట్లు మేలు. నూక కూడా ఉప్మారవ్వగా అమ్ముడుపోతుంది, దాని డబ్బు లెక్కలో చేర్చండి. ఆపైన వడ్డీ. కోతలప్పుడు 3,500 పెట్టి కొన్న ధాన్యం ఆరు నెలలకు అమ్ముడైతే, ఏడాదికి 12 శాతం వడ్డీ చొప్పున 210 రూపాయలు. చిన్న సంఘాల లెక్కల్లో కనబడకుండా పోయేది చాలాసార్లు ఇదే. పొట్టు తీసిన చిరుధాన్యం ఎక్కువ రోజులు ఆగదు, ముక్కిన వాసన వస్తుంది, పురుగు పడుతుంది. ఆర్డరు వచ్చాక మర ఆడించడం, అప్పటిదాకా పొట్టుతోనే దాచడం మంచిది.

లేబుల్ కూడా ఒకసారి చూడండి. ఆహార సంస్థలకిచ్చే పద్నాలుగు అంకెల లైసెన్సు, అంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, నికర బరువు, ఎమ్మార్పీ, తయారీ తేదీ ఉన్నాయా? ఆర్గానిక్ అని రాస్తే దాని వెనక సర్టిఫికెట్ ఉందా? రైతులు గుంపుగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ పద్ధతి ఉంటే, ఆ పుస్తకాలు ఈ ఏడాదికి నింపారా? లేకపోతే మీకు ఇంకో పని దొరికినట్టే.

ఈ లెక్క మొదట ఎక్కడ చెప్పాలి? పాలకవర్గం మీటింగ్‌లో కాదు. మర నడిపే మనిషికి, గోదాం చూసే అక్కకు చెప్పండి. “ఇది తప్పు” అనకుండా “ఇది నాకు ఇలా వచ్చింది, మీరు చూడండి” అనండి. వాళ్లు ఏదో ఒకటి సరిదిద్దుతారు. మీకు కనబడని ఖర్చు ఒకటి వాళ్లకు తెలిసి ఉంటుంది. ఆ తర్వాతే పైవాళ్ల దగ్గరికి వెళ్లాలి, వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లాలి.

8. అప్పగించడం

చివరి పది రోజులు కొత్త పని మొదలుపెట్టకండి. చేసినదాన్ని అప్పగించడానికే ఆ రోజులు. మీరు తయారు చేసిన పట్టికో రిజిస్టరో ఎవరు నింపుతారో వాళ్ల చేత, మీరు పక్కన కూర్చుని, నోరు మెదపకుండా నింపించండి. ఎక్కడ ఆగిపోతే అక్కడ పట్టికే మార్చండి. ఎక్సెల్‌లో పదహారు గడులు ఉండి, వాళ్లు నింపగలిగేవి ఆరే అయితే, ఆరింటితోనే ఇవ్వండి. కంప్యూటర్ ఆపరేటర్ మానేసే రోజు వస్తుంది కాబట్టి రూళ్ల పుస్తకంలో కూడా అదే నమూనా గీసి పెట్టండి.

కాలేజీకి ఇచ్చే రిపోర్టు వేరు, సంఘానికి ఇచ్చేది వేరు. సంఘానికి తెలుగులో రెండు పేజీలు చాలు: ఏం చూశాను, ఏం తేలింది, ఏది మిగిలిపోయింది. మిగిలిపోయింది దాచకండి, వచ్చే ఏడాది వచ్చే విద్యార్థి అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. ఎవరిని ప్రశ్నలు అడిగారో వాళ్లకు జవాబు కూడా అందాలి. ఒక సాయంత్రం బడి దగ్గర కూర్చోబెట్టి, గోడకు చార్టు అంటించి, “మీరు చెప్పినవన్నీ కలిపితే ఇదీ లెక్క” అని చదివి వినిపించండి. చాలామంది సర్వేలకు జవాబులు చెప్పి చెప్పి అలసిపోయారు, ఒక్కరూ తిరిగొచ్చి ఏం తేలిందో చెప్పలేదని ఊళ్లలో ఎక్కడికెళ్లినా అంటారు. ఆ సాయంత్రం వాళ్లు అడిగే ప్రశ్నలు రాసుకోండి, మీ రిపోర్టులో అన్నిటికంటే పనికొచ్చే పేజీ అదే అవుతుంది.

ఫొటోలు అడిగి తీసుకున్నవే వాడండి. పిల్లల ఫొటోలు, ఇంటి లేమి కనబడే ఫొటోలు మీ ప్రొఫైల్ కోసం పెట్టకండి. మంచిగా వచ్చినవాటిని ప్రింటు తీయించి వాళ్లకు పంపితే ఇంట్లో గోడకు పెట్టుకుంటారు.

9. తిరిగొచ్చాక

సర్టిఫికెట్, కాలేజీ సంతకాలు బయల్దేరే ముందే తీసుకోండి, తర్వాత వాళ్లను విసిగించొద్దు. భోజనం బాకీ, కిరాణా కొట్టు బాకీ ఉంటే తీర్చేసి రండి. రెజ్యూమేలో ‘గ్రామీణ మహిళలను సాధికారం చేశాను’ అని రాయకుండా ‘412 మంది సభ్యుల షేరు రిజిస్టర్ సరిచూశాను’ లాంటి, మీరు నిజంగా చేసిన పనే, మీ అంకెతోనే రాయండి. ఇంటర్వ్యూలో అడిగేవాళ్లకు అదే ఆసక్తి కలిగిస్తుంది.

జూలైలో ఒకసారి, దసరా సెలవులకు ఒకసారి ఫోన్ చేసి, ఆ రిజిస్టర్ ఇంకా నింపుతున్నారా అని అడగండి. నింపడం మానేసి ఉంటే కారణం కనుక్కోండి. గడి ఎక్కువైందా, తూచే మనిషి మారాడా, కాటా పాడైందా? ఫోన్లో తేలేదైతే ఫోన్లోనే తేల్చండి. లేకపోతే దసరా సెలవుల్లో రెండు రోజులు వెళ్లి, కొత్త మనిషికి నేర్పి రండి.